గాలి చొరని జాడీ, నాలుగు కొత్తపల్లులు

నేను ఒక జాడీని. జాడీ అనగానే మీకు ఆవకాయ గుర్తుకొచ్చి నోట్లో నీళ్లూరితే ఆ తప్పు నాది కాదు. నాలో పెట్టేది సూక్ష్మజీవులను. అవి కూడా అల్లాటప్పా రకం కాదు, గాలి తగిలితే గిలగిల్లాడే రకం. మీరు ముక్కు మూస్తే పోతారు, వాళ్లు ముక్కు తెరిస్తే పోతారు. అందుకని మందపాటి గాజు ఒళ్లు, ఇత్తడి మూత, మూత కింద నల్ల రబ్బరు పట్టీ, పైన బిగించడానికి ఒక మర పెట్టి నన్ను తయారు చేశారు. లోపలి ప్రాణవాయువు మొత్తం పోయేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవడమే నా ఉద్యోగం. ఇన్నేళ్లు బిగబట్టాను కనుక ఇవాళ కాస్త వదులుతాను, వినండి.

నేను పుట్టింది ఉత్తరాదిన అంబాలాలో. నన్ను ఊదిన మేస్త్రీకి నేను దేనికి పనికొస్తానో తెలియదు. మిఠాయి కొట్టుకు పోయే సీసా అనుకుని ముద్దుగా, కాస్త బొద్దుగా చేశాడు. తీరా గడ్డి పరుపు మీద, చెక్కపెట్టెలో, రైలెక్కి నేను వచ్చి పడింది రాయలసీమలో ఒక పశువైద్య కళాశాలకు. వాళ్లు నన్ను కొన్నది అవసరం ఉండి కాదు. అది మార్చి నెలాఖరు. ఆ రోజుల్లో సర్కారు ఆఫీసులన్నిటికీ ఏటా ఒక జ్వరం వస్తుంది. మిగిలిన నిధులు వెనక్కి పోతాయన్న జ్వరం. ఆ వేడిలో కళ్లు మూసుకుని కొన్న సామానులో నేనొకదాన్ని. నాతోపాటు గుర్రాల పళ్లు అరగదీసే ఆకురాళ్లు కూడా వచ్చాయి. ఆ కాలేజీలో గుర్రం లేదు.

స్టోరు చూసే భక్తవత్సలం నన్ను పెట్టెలోంచి తీసి, అటూ ఇటూ తిప్పి, మూత బిగించి చూసి, మహదానందపడ్డాడు. మర్నాడే ఇంటినుంచి బొరుగులు, అంటే మరమరాలు, తెచ్చి నా నిండా పోశాడు. గాలి చొరదు కనుక వానాకాలంలో కూడా బొరుగులు కరకరలాడుతూనే ఉండేవి. సీమలో మెత్తబడని బొరుగులంటే మాటలు కాదు. సాయంకాలమయ్యేసరికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పట్టుకుని నాలుగు శాఖల గుమాస్తాలూ నా చుట్టూ చేరేవారు. నిజం చెప్పొద్దూ, నా జన్మలో నన్ను తెరిచి మొహం చిట్లించకుండా నవ్వినవాళ్లు వాళ్లొక్కరే. ఆ తర్వాత తెరిచినవాళ్లంతా ముక్కుకు గుడ్డ కట్టుకున్నారు.

ఆ సుఖం ప్రొఫెసర్ అహోబలరావు కంటపడేదాకానే. సూక్ష్మజీవుల శాఖకు కొత్తగా పెద్దగా వచ్చిన ఆయన స్టోరులోకి ఏదో పనిమీద వచ్చి, బొరుగులు తినబోయి, నన్ను చూసి నిశ్చేష్టుడయ్యాడు. "యావద్భారతదేశంలోనే ఇంత ఘోరం జరిగి ఉండదు!" అన్నాడు. యావద్భారతదేశం లేకుండా ఆయన వాక్యం లేవదు. క్యాంటీన్‌లో కాఫీ బాగా లేకపోయినా యావద్భారతదేశంలోనే బాగా లేనట్టు. అలా బొరుగులు పోయి, నాలోకి సూక్ష్మజీవుల పళ్లేలు వచ్చాయి. ఆయన ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. కానీ ఈ జీవులకు మాంసం చారు లేనిదే పొద్దు గడవదు కనుక దగ్గరుండి మాంసం ఉడికించి పెట్టించేవాడు. ఉడికించే పని అటెండరు చాంద్‌బాషాది. "ఉప్పు లేదు, కారం లేదు, ఈ కూర తిని బతికేవాళ్లు మంచోళ్లు ఎట్లయితారు సార్?" అనేవాడు చాంద్‌బాషా, గరిటె తిప్పుతూ.

మంచివాళ్లు కారు, నిజమే. మా సీమలో తొలకరి పడి లేతగడ్డి మొలిచిందంటే గొర్రెలు ఆబగా మేస్తాయి. వాటి పేగుల్లో ఓ మూల బుద్ధిగా పడి ఉన్న ఈ జీవులు ఆ విందుకు వేలం వెర్రిగా పెరిగి విషం కక్కుతాయి. సాయంత్రం గంతులేసిన పొట్టేలు తెల్లారేసరికి కాళ్లు చాపి పడి ఉంటుంది. చిటికె వేసేలోపు ప్రాణం పోతుందని కాబోలు, దాన్ని చిటుక రోగం అంటారు. వీళ్ల వంశమే అంత. ఒక దాయాది తుప్పు మేకు గుచ్చుకున్నవాణ్ని విల్లులా వంచేస్తాడు. ఇంకొక దాయాది విషాన్ని పట్నాల్లో పెద్దమనుషులు డబ్బిచ్చి మరీ ముఖానికి పొడిపించుకుంటారట, ముడతలు పోతాయని. మనుషుల్ని నేను ఎన్నడూ పూర్తిగా అర్థం చేసుకోలేకపోయాను.

ఇక సుంకులమ్మ సంగతి. ఆమె పరిశోధన కోసం మా శాఖలో చేరినప్పుడు నాకు మధ్యవయసు. సుంకులమ్మ అన్నది సీమలో ఊరూరా ఉండే అమ్మవారి పేరు. వాళ్ల జేజి, అంటే నాయనమ్మ, పట్టుబట్టి పెట్టించింది. హాస్టల్లో స్నేహితురాళ్లు సుంకం, సుంకం అని ఏడిపించేవాళ్లట. బక్కపలచని మనిషి, గట్టి పట్టు. నా మరను చాంద్‌బాషా రెండు చేతులతో బిగిస్తే, ఈమె ఒక్క చేత్తో బిగించేది. నన్ను అంత శుభ్రంగా తుడిచినవాళ్లు ఇంకొకరు లేరు. నాకు ఆమె అంటే ఇష్టం. గాజుకు ఇష్టాలేమిటి అని మీరు నవ్వితే నవ్వండి.

ఆమె పని విషం వండే జన్యువును వెతకడం కాదు. ఆ పని చాలామంది చేసేశారు. ఆ జన్యువుకు అటూ ఇటూ ఏమేం జన్యువులున్నాయో, ఒక మందలోని క్రిమికీ ఇంకొక మందలోని క్రిమికీ ఆ వరసలో తేడా ఏమిటో పోల్చి చూడటం. మొదట ఆ వంశంలోని దాయాదులందరి వరసలనూ పక్కపక్కన పెట్టి చూసి ఆ పనిలో చెయ్యి తిరిగేలా చేసుకుంది. తర్వాత మన గొర్రెల మీద పడింది. నాలో పెంచిన క్రిముల్లోంచి జన్యువుల సారం తీసి బెంగళూరు పంపితే, అక్కడి యంత్రాలు దాన్ని అక్షరాలుగా చదివి పంపేవి. ఆమె వాటిని కంప్యూటర్లో పేర్చి, రంగురంగుల బాణాలుగా గీసి, పెద్ద పటం చేసి నా అలమర పక్కన గోడకు తగిలించింది.

"ఏం మేడం, ఈ బాణాలేంది?" అని అడిగాడు చాంద్‌బాషా.

"ఇది ఒక వీధి అనుకో బాషా అన్నా. ఒక్కో బాణం ఒక్కో ఇల్లు. ఎర్రది విషం వండే ఇల్లు. నేను చూసేది దానికి ఇరుగెవురు, పొరుగెవురు అని."

"వంటింటిని వదిలిపెట్టి ఇరుగుపొరుగుతో ఏం పని?"

"ఆ ఇల్లు యాడినుంచి వచ్చిందో పక్కిండ్లను చూస్తే తెలుస్తాది."

"ఓహో, పిల్లనిచ్చే ముందు విచారించినట్ల."

"అంతే అంతే" అని నవ్వింది సుంకులమ్మ. ఆ శాస్త్రాన్ని అంతకంటే సులువుగా నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడు తొలకరికి చిటుక రోగం విరుచుకుపడింది. ఎక్కడెక్కడి పశువైద్యశాలల నుంచో చచ్చిన గొర్రెల పేగు ముక్కలు, రెండు చివరలా దారం కట్టి, మంచులో పెట్టి పంపితే అవి జిల్లా కేంద్రంలో ఒకచోట చేరాయి. అక్కడివాళ్లు అన్నిటినీ ఒకే పెట్టెలో సర్ది మాకు పంపారు. వాటిలో మూడింటి మీద 'కొత్తపల్లి' అని రాసి ఉంది. సుంకులమ్మ ఆ పేరు చూసి ఉలిక్కిపడింది. కొత్తపల్లి వాళ్ల జేజి ఊరు. చిన్నప్పుడు ఎండాకాలమంతా గొర్రెపిల్లల వెంట పరిగెత్తిన ఊరు. "అయ్యో, మా ఊరి జీవాలా!" అంది. మరు మాట లేకుండా ఊరి పేరు పక్కన జేజి ఊరు ఏ మండలంలో ఉందో, ఏ అక్షాంశం మీద ఉందో అన్నీ కంప్యూటర్లో నింపేసింది. ఎవరి కొత్తపల్లి వాళ్లకు లోకంలో ఒకే ఒక్క కొత్తపల్లి. ఆ పేరున్న ఊళ్లు మన సీమలో గంపెడున్నాయని ఆమెకు తెలియక కాదు, ఆ క్షణంలో తోచలేదు.

ఆ మూడు పేగుల్లోని క్రిములనూ నాలోనే పెంచింది. వరసలు చదివించి పోల్చి చూస్తే ఎర్ర ఇల్లు మూడింట్లోనూ ఒకటే, కానీ ఇరుగుపొరుగు మాత్రం మూడు రకాలు. ఒకే ఊళ్లో, ఒకే వానకు, విష జన్యువు మూడు వీధుల్లో కాపురం పెట్టింది! అహోబలరావు పటం ముందు నిలబడి చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "యావద్భారతదేశంలోనే ఇలాంటిది లేదమ్మాయ్! ఇది మన కళ్లముందే ఇల్లు మారుతోంది! రేపు టీకాకు కూడా లొంగదు!" అన్నాడు. సుంకులమ్మ సిద్ధాంత గ్రంథానికి అది గుండెకాయలాంటి అధ్యాయం అయింది. అది నిలబడితే పట్టా చేతికొచ్చినట్టే, ఆ వెనకే ఉద్యోగం.

ఆయన అక్కడితో ఆగితే బాగుండేది. ఒక విలేకరికి ఫోన్ చేశాడు. మర్నాడు పత్రికలో 'కొత్తపల్లిలో కామరూప విషం!' అని పడింది. ఏ కొత్తపల్లో విలేకరి రాయలేదు. ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. అది చూసి పశుసంవర్ధక శాఖ అధికారి ఒకాయన బక్రీదు ముందరి సంతలకు కొత్తపల్లి గొర్రెలు రాకూడదని ఉత్తర్వు వేశాడు. పొట్టేళ్లు పెంచేవాళ్లకు ఏడాది కష్టం చేతికొచ్చేది ఆ సంతల్లోనే.

ఒక మధ్యాహ్నం సుంకులమ్మ పళ్లేలు సర్దుతుంటే జేజి ఫోన్ చేసింది. చేతులకు తొడుగులున్నాయని ఆమె ఫోన్‌ను స్పీకరులో పెట్టి నా పక్కన ఆనించింది.

"సుంకులా, అన్నం తింటివా? మా ఊరికి వచ్చిన కర్మ చూడు. సంతకాడ కొత్తపల్లి అంటే తరుముతాండారంట. నిన్న బస్సులో పక్కన కూచున్న ఆమె నా ఊరి పేరు ఇని లేచి ఎనక సీటుకు పాయ. ఎవురో ఒగ పనీపాటా లేని ముండ ఏదో కాలేజీలో కూచోని రాసిందంట. దాని చేతులు ఇరగ! దాని కండ్లకు పొరలు కమ్మ!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు సుంకులమ్మ తన చేతులు చూసుకుంది. "సరేలే జేజీ, తింటి" అని మాత్రం అంది. అయితే అప్పటికి ఆమె నమ్మకం ఆమెకుంది. రోగం ఉన్నది నిజమైతే దాచి ఏం లాభం అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. చదువుకున్నవాళ్ల మధ్య ఉండి ఉండి నాకూ కొంత గర్వం అబ్బింది.

పరిశీలకుడి ముందు ఆమె తన పనంతా వివరించే సభ మర్నాడనగా, ఉదయం పూట, ముగ్గురు గొర్రెల కాపర్లు మా ల్యాబు గుమ్మంలో నిలబడ్డారు. ఆఫీసు గుమాస్తా టీకి పోయాడు, అందుకని నేరుగా ఇటు వచ్చారు. పెద్దాయన కుళ్లాయప్ప, భుజాన కంబళి. రెండోవాడు బీరప్ప, గట్టి గొంతు. మూడోవాడు ఓబులేసు, మనిషి ఉన్నాడో లేడో తెలియనంత నెమ్మది. సుంకులమ్మ నన్ను రెండు చేతులా పట్టుకుని క్రిములు పెరిగే వెచ్చని పెట్టెలో పెట్టడానికి పోతూ ఆగింది.

"ఎవురప్పా మీరు? యాడినుంచి వచ్చినారు?"

"కొత్తపల్లి" అన్నారు ముగ్గురూ ఒకేసారి.

సుంకులమ్మ ముఖం మాడింది. "ముగ్గురూ కలిసి వచ్చినారా?"

"యాడ తల్లీ! ఈ ఇద్దురూ ఎవురో నాకు తెల్దు" అన్నాడు కుళ్లాయప్ప. "గేటుకాడ కలిసినాం. అడిగితే వాళ్లదీ కొత్తపల్లేనంట. నేనూ బిత్తరపోయినా."

"మాదే అసలైన కొత్తపల్లి మేడం" అన్నాడు బీరప్ప. "మా జేజినాయన వాళ్ల జేజినాయన కాలం నుంచి ఉండాది."

"అంత పాతదైతే దాన్ని కొత్తపల్లి అనేదెందుకు? పాతపల్లి అనుకోండప్పా" అన్నాడు ఓబులేసు నెమ్మదిగా. ఆ మనిషి నోట్లోంచి ఆ మాట రావడంతో చాంద్‌బాషా గరిటె కింద పెట్టి నవ్వాడు.

"మాది పోయిన కరువులో కట్టుకున్నది. కొత్తదంటే మాదే" అని ఓబులేసు ముగించాడు. బీరప్ప మీసం మీద చెయ్యి వేశాడు. కుళ్లాయప్ప మధ్యలోకి వచ్చి, పాతదైనా కొత్తదైనా సంతకాడ ముగ్గురినీ ఒకే కర్రతో తోలినారు కదా అని సర్దిచెప్పాడు.

సుంకులమ్మకు నవ్వు రాలేదు. "మీ ఊర్లో అంకాలమ్మ గుడి ముందర రాతి రోలు ఉండాదా?" అని జేజి ఊరి గుర్తులు చెప్పి ఒక్కొక్కరినీ అడిగింది. ముగ్గురూ తల అడ్డంగా ఊపారు. "కుంటకు అవతల చింతతోపు?" లేదన్నారు. "ఈ తొలకరికి మీ మందలో జీవాలు పోతే పేగు కోసి తీసకపోయినారా?" "కోసినారు, దారం కట్టి తీసకపాయిరి" అన్నాడు కుళ్లాయప్ప. "నాదీ" అన్నాడు బీరప్ప. ఓబులేసు తలూపాడు. మూడు పేగులు, మూడు కొత్తపల్లులు. జేజి కొత్తపల్లి నాలుగోది. ఆమె నన్ను బల్ల మీద పడేసినట్టు పెట్టింది; నా అడుగు ఠంగుమంది. పగల్లేదు, అంతే.

"సంతకాడ ఒగాయప్ప చెప్పినాడు తల్లీ" అన్నాడు కుళ్లాయప్ప, అదేమీ గమనించకుండానే. "ఇంగొక ఊరి పేరు చెప్పి తోలుకపో, అమ్ముకో అని. శానామంది అట్లే పోయినారు. నాకు నోరు రాలా. పుట్టిన ఊరి పేరు దాస్తే నాయిన పేరు దాసినట్లే గదా. అందుకే ఈడికి వచ్చినా. మా ఊరు ఏం పాపం చేసిందో మీరే చెప్పండి."

ఏం చెబుతుంది? పాపం ఊరిది కాదు, తనది. వాళ్లను రేపటిదాకా ఉండమని చెప్పి చాంద్‌బాషాతో టిఫినుకు పంపింది. వెంటనే అహోబలరావు గదికి పోలేదు. ముందు జేజికి ఫోన్ చేసింది, ఈసారి తొడుగులు లేకపోయినా స్పీకరులోనే పెట్టింది. చేతికి ఆసరా కావాలన్నట్టు నా మూతమీద చెయ్యి వేసి నిలబడింది.

"జేజీ, మన ఊర్లో ఈ యేడు చిటుక రోగంతో ఎన్ని జీవాలు పోయినాయి?"

"ఒగటీ పోలా. అదే గదా నా ఏడుపు! ఆ ముండ..."

"జేజీ, ఆ ముండను నేనే."

అవతల ఏదో కోడి అరిచింది.

"నువ్వా?" అంది జేజి. "పేపర్లో రాసింది నీ గురించా? మరి నీ ఫోటో ఎందుకు ఎయ్యలా వాళ్లు?"

సుంకులమ్మకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. "తప్పు రాసినా జేజీ. వేరే కొత్తపల్లుల రోగం మన ఊరికి అంటగట్టినా. అది తప్పని చెబితే నా చదువంతా మొదటికొస్తుంది."

"మొదటికొస్తే ఏమాయ? నువ్వు ఒకటో తరగతి గూడా రెండేండ్లు చదివినావు. చెప్పేయ్ పాపా. ఈసారన్నా ఫోటో ఎయ్యమను."

అహోబలరావు సంగతి అంత తేలిక కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. ఇక్కడ కుందేలే లేదని తేలుతోంది. ల్యాబులో తలుపు మూసి, పటం ముందు నిలబడి ఆమె చెప్పిందంతా విన్నాడు. ఒకటికి రెండుసార్లు అడిగాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"రేపు మాత్రం ఈ ముక్క ఎత్తకు. పరిశీలకుడు ఢిల్లీ దాకా చెబుతాడు. పట్టా చేతికి రానీ. తర్వాత నిదానంగా మనమే ఒక సవరణ రాసి పంపుదాం."

"బక్రీదు వచ్చే వారమే సార్. వాళ్ల పొట్టేళ్లు..."

"పొట్టేళ్లకు బక్రీదు ఎంత ఆలస్యమైతే అంత మంచిది కదా!" అన్నాడాయన. ఆ మాట ఆయనకే ఎబ్బెట్టుగా తోచిందేమో, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు తప్పు ఒప్పుకుంటే నీ ఏడాది పోతుంది. నా మాట పోతుంది. ఆలోచించుకో" అని వెళ్లిపోయాడు. చెడ్డవాడు కాదాయన. మాంసం చారు ఎంత వేడిగా ఉండాలో చూడటానికి రోజూ తెల్లవారకుండా వచ్చేవాడు. కాకపోతే పేరు పోతుందన్న భయం ఉంది చూశారూ, అది కూడా గాలి చొరని చోటే బాగా పెరుగుతుంది.

మర్నాడు నన్ను కూడా సభకు తీసుకుపోయారు. శాఖ వైభవం కనపడాలని బల్లమీద ఒక పక్క సూక్ష్మదర్శిని, ఒక పక్క నేను. ముందు వరసలో పరిశీలకుడు, ఉత్తర్వు వేసిన అధికారి, అహోబలరావు. చివరి వరసలో కంబళితో కుళ్లాయప్ప, పక్కన మిగిలిన ఇద్దరూ. సుంకులమ్మ తెరమీద పటం వేసింది. దాయాదుల సంగతి చెప్పింది, ఇరుగుపొరుగు సంగతి చెప్పింది. గొంతు బాగానే ఉంది. మూడు వీధుల బొమ్మ వచ్చేసరికి ఆగింది. నీళ్లు తాగింది. ఇంకొకసారి తాగింది. చెబుతుందో లేదో నాకూ తెలియదు. నాలో ప్రాణవాయువు లేకపోయినా ఊపిరాడని రోజు అదొక్కటే.

"ఈ బొమ్మలో బాణాలన్నీ సరిగ్గానే ఉన్నాయి సార్" అంది. "ఊరు తప్పు. ఈ మూడూ ఒక ఊరివి కావు. మూడు కొత్తపల్లులవి. మా జేజి ఊరి పేరు కనపడేసరికి అదే అనుకున్నాను. తప్పు నాది."

అధికారి ముందుకు వంగాడు. "మూడు కొత్తపల్లులేమిటమ్మా? ఇక్కడెవరైనా ఉన్నారా కొత్తపల్లి నుంచి?"

చివరి వరసలో ముగ్గురూ లేచారు. "మాది కొత్తపల్లి" అన్నాడు బీరప్ప. "మాది గూడా, కాకపోతే అది కాదు" అన్నాడు ఓబులేసు. ఎవరిది పాతదన్న తగువు నిండు సభలో మళ్లీ లేచింది. విద్యార్థులు పగలబడి నవ్వారు. మధ్యవరసలో ఒక లెక్చరరు లేచి, తనది కూడా కొత్తపల్లేనని, కానీ పైవేవీ కాదని సభకు మనవి చేసుకున్నాడు.

నవ్వు సద్దుమణిగాక అధికారి అడిగాడు: "మరి ఏ కొత్తపల్లి మీద నిషేధం ఉంచమంటారు?"

"ఏ దానిమీదా వద్దు సార్. విషం మూడింట్లోనూ ఒక్క అక్షరం తేడా లేకుండా పాతదే. పక్కిండ్లు వేరంతే, ఊళ్లు వేరు కాబట్టి. ఏదీ రూపం మార్చలేదు. మన టీకా చాలు. కాకపోతే తొలకరికి ముందే వెయ్యాలి. వాన పడ్డాక పరిగెత్తితే ఇట్లాగే పేగులు కొయ్యాల్సి వస్తుంది."

పరిశీలకుడు కాగితాలు తిరగేశాడు. "అమ్మా, అయితే నీ నాలుగో అధ్యాయం?"

"లేదు సార్."

"అది లేకపోతే పట్టాకు సరిపోదు. మళ్లీ సేకరించి, మళ్లీ పోల్చాలి. తెలుసు కదా?"

"తెలుసు సార్" అంది. కన్నీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు.

అహోబలరావు లేచి నిలబడ్డాడు. సభంతా ఆయనవైపే చూసింది. "యావద్భారతదేశంలోనే..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆయన వాక్యం మధ్యలో ఆగడం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు. మెల్లగా కూర్చుని, అధికారి వైపు తిరిగి, "ఉత్తర్వు ఇవాళే రద్దు చేయించండి. పత్రికకు నేను చెబుతాను" అన్నాడు. చెప్పాడు కూడా. ఆ వార్త మాత్రం లోపలి పేజీలో, పెళ్లి ప్రకటనల కింద, చిటికెన వేలంత పడింది. ఫోటో వేయలేదు.

ఇప్పుడు నన్ను ఎవరూ వాడటం లేదు. రబ్బరు పట్టీ ఎండి బీటలు తీసింది. గాలిని వెళ్లగొట్టే కొత్త పెట్టెలు వచ్చాయి, మీట నొక్కితే చాలు. శాఖ వరండాలో అద్దాల బీరువాలో పెట్టి, 'పాత జాడీ' అని చీటీ తగిలించారు. ఎదురుగా ఆ గుర్రాల ఆకురాళ్లు కూడా ఉన్నాయి. వాటికి ఇప్పటికీ గుర్రం దొరకలేదు. కొత్తగా చేరిన పిల్లలు వచ్చి నా మీద మొహం చూసుకుని జుట్టు సర్దుకుంటారు. తీరిక ఎక్కువైంది కనుక పాతవి తలచుకుంటాను. బొరుగులు తలచుకుంటాను, మాంసం చారు తలచుకుంటాను. అయితే ఎక్కువగా తలచుకునేది బక్రీదు ముందరి ఆఖరి సంత మర్నాటి పొద్దు.

ఆ పొద్దున సుంకులమ్మ ల్యాబులో ఒక్కతే ఉంది. ఆమెతోపాటు చేరినవాళ్లు పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోయారు. ఆమె మాత్రం కుళాయి దగ్గర నిలబడి, మొదటి రోజు చేరిన విద్యార్థినిలా, పళ్లేలు కడుగుతోంది. ముఖం పీక్కుపోయి ఉంది. తప్పు ఒప్పుకున్నవాళ్లకు వెంటనే మనసు తేలికపడుతుందని మనుషులు చెప్పుకుంటారు. నేను చూసినంతలో అది నిజం కాదు. అంతలో చాంద్‌బాషా వచ్చాడు, గడ్డి వాసన కొడుతూ.

"సంతకు పోయింటి మేడం. పండగకు పొట్టేలు తెచ్చుకుంటి. ఎవురి దగ్గరో చెప్పుకోండి చూద్దాం."

ఆమె చెయ్యి ఆగింది. "ఎవురు?"

"మన కుళ్లాయప్ప. జనం మూగినారు ఆయన చుట్టూ. యా ఊరి జీవం పెద్దాయనా అని నేను కావాల్నే అడిగినా."

"ఊరి పేరు చెప్పినాడా?"

"చెప్పేదేంది మేడం, అరిచినాడు! సంతంతా ఇటు తిరిగి చూసె. కొత్తపల్లి అని ఒకసారి అరిచి, సాలదన్నట్ల ఇంగోసారి అరిచె."

సుంకులమ్మ కుళాయి కట్టేసింది. చేతులు కొంగుకు తుడుచుకుంది, ముఖం కూడా. తర్వాత మళ్లీ మొదలైన పనికి మొదటి పళ్లేన్ని నాలో పెట్టి, మూత వేసి, ఒక్క చేత్తో మర బిగించింది.